లిఫ్టు ఆగని అంతస్తు

పిల్లల్ని విదేశం తీసుకెళ్తున్నామనగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ‘అక్కడ భద్రమేనా మేడమ్?’ అని. సింగపూర్ విషయంలో దీనికి జవాబు చెప్పడం తేలిక. రాత్రి పొద్దుపోయాక కూడా జనం నిబ్బరంగా తిరిగే ఊరు అది. మొన్న డిసెంబరులో మేము పడిన తిప్పలు చాలా వరకు హోటల్ లోపలే పడ్డాం.

విశాఖ నుంచి తొమ్మిది, పది తరగతుల పిల్లలు 34 మందిని వెంటబెట్టుకుని నలుగురు ఉపాధ్యాయులం బయలుదేరాం. మన ఊరి నుంచి నేరుగా విమానం ఉంది, సుమారు నాలుగు గంటల ప్రయాణం. రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో దిగుతాం. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుందని ఏజెంటు ఈ ఏర్పాటును గొప్పగా చెప్పాడు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందన్న సంగతి మాత్రం మేమెవరం లెక్కలో వేసుకోలేదు. గదులిచ్చేది మధ్యాహ్నం మూడు తర్వాతే. ఈలోగా నిద్ర లేని పిల్లల్ని సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్ళాం. పదకొండు గంటలకల్లా రెండు తగాదాలు, ఒక ఏడుపు అయ్యాయి. ఒక కుర్రాడు నిప్పు సుడి గిర్రున లేస్తున్న ప్రదర్శన ముందే కూర్చుని గురక పెట్టాడు. నిజానికి బడి పిల్లలకు అంతకంటే మంచి చోటు లేదు. అంతా ఒకే ఆవరణ, చేత్తో తిప్పి చూసే పరికరాలు, పిల్లలు చెల్లాచెదురు కావడానికి వీలు తక్కువ. రెండో రోజుకు పెట్టుకోవలసినదాన్ని మొదటి రోజే పాడుచేసుకున్నాం. ఆ రోజు ‘క్రమశిక్షణ లేదు’ అని నేను తిట్టిన తిట్లలో సగం నిద్రలేమికి చెందాలి.

బయలుదేరే ముందు మేము చేసిన ఒక పని మాత్రం బాగా కలిసొచ్చింది. మన విశాఖలో మెట్రో లేదు, మా పిల్లల్లో చాలామంది దాన్ని ఎక్కి ఎరగరు. అందుకని బడి మైదానంలో సుద్దతో రైలు తలుపులు గీసి, మా పీఈటీ సారు ఈల ఊదుతుంటే నాలుగు సాయంత్రాలు ఎక్కించి దించాం. తలుపులు మూసుకుపోయి ఎవరైనా మిగిలిపోతే కదలకుండా అక్కడే నిలబడాలి. వెళ్ళిపోయినవాళ్ళు తర్వాతి స్టేషన్‌లో దిగాలి, ఒక టీచరు వెనక్కి రావాలి. అందరికంటే చివర ఎక్కేది నేను.

మూడో రోజు సెంటోసా దీవికి వెళ్ళడానికి లిటిల్ ఇండియా స్టేషన్‌లో హార్బర్‌ఫ్రంట్ వైపు రైలు కోసం నిలుచున్నాం. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ‘బాబు ఇడ్లీ తిన్నాడా మేడమ్, ఒక ఫొటో పెట్టండి’ అని సందేశం. జవాబు కొడుతూ రైలెక్కేశాను. వెనక తొమ్మిదో తరగతి పిల్లాడొకడు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. తలుపులు మూసుకున్నాయి. వాడు అద్దంలోంచి నన్ను చూశాడు, పరుగెత్తలేదు, అరవలేదు. మేము డోబీ ఘాట్‌లో దిగాం, మిగతావాళ్ళను సారుకు అప్పగించి నేను వెనక్కి వెళ్ళాను. అదే తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ‘చివర ఎక్కవలసింది మీరు కదా మేడమ్’ అన్నాడు. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆ పూట నుంచి తల్లిదండ్రులకు ఫొటోలు రాత్రి తొమ్మిదికి, ఒక్కసారే.

జరిమానాల విషయంలో పిల్లలు మాకంటే నయం. రైల్లో తిన్నా తాగినా 500 సింగపూర్ డాలర్ల వరకు జరిమానా పడవచ్చని ముందే చెప్పి ఉంచాం. ఓ మధ్యాహ్నం నేను నీళ్ళ సీసా మూత తిప్పబోతే నలుగురు ఒక్కసారే ‘మేడమ్!’ అన్నారు. చూయింగ్ గమ్ 1992 నుంచి ఆ దేశంలోకి తేకూడదు. విశాఖలో విమానాశ్రయానికి బయలుదేరే ముందు సంచులు వెతికితే పదకొండు పొట్లాలు దొరికాయి. ఈ-సిగరెట్ దగ్గర ఉంచుకోవడం కూడా 2018 నుంచి నేరమే. ‘మా పిల్లలకు అలాంటివి తెలియవు’ అనుకోకుండా పదో తరగతివాళ్ళకు ఆ మాట పేరు పెట్టి చెప్పాలి.

ఇక హోటల్. మొదటి రెండు రాత్రులు సెరంగూన్ రోడ్డుకు దగ్గరలో దిగాం. నడిచేంత దూరంలో ఇడ్లీ, అన్నం, శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉన్నాయి. తిండి కోసమైతే ఆ చుట్టుపక్కలే దిగమంటాను. గదులు శుభ్రం, స్నానానికి వేడినీళ్ళు. కానీ ‘అన్నీ ఒకే అంతస్తులో’ అన్న ఏజెంటు మాట గాలికి పోయింది. మాకు మూడు అంతస్తుల్లో ఇచ్చారు. ఆడపిల్లల అంతస్తులో మేమిద్దరం టీచర్లం, మగపిల్లల్లో సగం మంది ఉన్నచోట సార్లిద్దరూ. మిగిలిన ఎనిమిది మంది కుర్రాళ్ళు మూడో అంతస్తులో ఒంటరిగా ఉండిపోయారు. పీఈటీ సారు రాత్రి పదిన్నరకు ప్రతి తలుపు మీదా కాగితపు టేపు అతికించి సంతకం చేశారు. తలుపు తెరిస్తే చిరుగుతుంది, పొద్దున్న తెలుస్తుంది. నాకు ఆ పద్ధతి నచ్చలేదు గానీ ఊరుకున్నాను.

పొద్దున్న చూస్తే ఒక గది టేపు చిరిగి ఉంది. ఫలహారం దగ్గరే విచారణ మొదలైంది. ఆ కుర్రాడు కాసేపు నోరు విప్పలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. అర్ధరాత్రి దాటాక కడుపునొప్పి వచ్చిందట, సారును లేపుదామని బయటికి వచ్చాడట. లిఫ్టులో తన కార్డు పెట్టి సారు ఉన్న అంతస్తు నొక్కితే దీపం వెలగలేదు. ఎవరి కార్డు వాళ్ళ అంతస్తుకే పనిచేస్తుందని మాకెవరికీ తెలియదు. మెట్ల తలుపు బయటి నుంచి తెరుచుకోదేమోనని భయపడి, కాసేపు లిఫ్టు ముందు నిలబడి, గదికి వెళ్ళి వేడినీళ్ళు తాగి పడుకున్నాడు. కిందికి వెళ్ళి రిసెప్షన్‌లో అడగలేదేమని సారు అడిగితే, ‘రాత్రి కిందికి దిగొద్దన్నారు కదా సార్’ అన్నాడు. సారు తన చేతిలో ఉన్న టేపు చుట్టను జేబులో పెట్టేసుకున్నారు.

చివరి రెండు రాత్రులకు ఏజెంటు ఖర్చు తగ్గించుకోవడానికి ఒక హాస్టల్లో పెట్టాడు. అంచెల మంచాలు, అందరికీ కలిపి స్నానాల గదులు, కిటికీ ఒకటే. తల్లిదండ్రులకు ఫొటో పంపితే గొణిగారు. నా మట్టుకు నాకు అదే మెరుగు. అంతస్తంతా మాదే, రాకపోకలకు ఒకటే తలుపు, దాని పక్క మంచం మీద ఒక సారు. ఆ రెండు రాత్రులూ నేను నిద్రపోయాను.

సెంటోసా తీరం చూసి మా పిల్లలు పెదవి విరిచారు. ఆర్‌.కె. బీచ్ అలల హోరుకు అలవాటుపడ్డవాళ్ళకు అది చెరువులా తోచింది. అందుకే మోకాలి లోతు హద్దు మరీ గట్టిగా చెప్పవలసి వచ్చింది. గార్డెన్స్ బై ది బే అనే ఉద్యానం సాయంత్రానికి తగినది. రాత్రి 7:45 దీపాల ప్రదర్శన చూడ్డానికి అందరూ ఒకచోట పడుకుని పైకి చూస్తారు, తలలు లెక్కపెట్టడం సుఖం. రాత్రిపూట తెరిచే జంతుప్రదర్శనశాల నైట్ సఫారీ బాగుంటుంది గానీ చీకట్లో 34 మందిని లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. వీపు మీద మెరిసే పట్టీ ఉన్న చొక్కాలు కుట్టిస్తే తప్ప మళ్ళీ వెళ్ళను.

మెడలో కార్డులు వేశాం గానీ పైకి పిల్లల పేరు రాయలేదు. పేరు పెట్టి పిలిచిన కొత్తవాడిని పిల్లలు తొందరగా నమ్ముతారు. హోటల్ చిరునామా, మా నంబర్లు, పోలీసుకు 999, అంబులెన్సుకు 995 మాత్రం ఉన్నాయి.

ఇంకొక మాట ఏజెంట్ల లెక్క గురించి. మాకు వచ్చిన బేరంలో పదిహేను మంది పిల్లలకు ఒక టీచరు ఉచితం. అందుకే 34 మందికి ఇద్దరు చాలన్నాడు. మిగతా ఇద్దరి ఖర్చును పిల్లల మీద సర్దితే మేనేజ్‌మెంటు మొదట కాదంది, తర్వాత ఒప్పుకుంది. ఇద్దరమే వెళ్ళి ఉంటే డోబీ ఘాట్‌లో ఆ 33 మందిని ఎవరికి అప్పగించేదాన్నో.

ఈసారి కౌలాలంపూర్ అంటున్నారు. ఏజెంటు రంగుల పుస్తకం తెచ్చి ఈతకొలను చూపించాడు. టీచర్ల కార్డులు ఏయే అంతస్తులకు పనిచేస్తాయో హోటల్ నుంచి రాయించి తెమ్మన్నాను. నవ్వాడు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.