ఏ గదికి బీఎల్‌డీసీ ఫ్యాను కావాలి, ఏ గదికి అక్కర్లేదు

కరెంటు ఖర్చు తగ్గించుకోవాలనుకునే కుటుంబాలు ముందుగా చూసేది బల్బులనే. 2015లో కేంద్ర ప్రభుత్వం ఉజాలా పథకం కింద ఎల్‌ఈడీ బల్బులను చౌకగా అందించడం మొదలుపెట్టిన తరువాత మన ఇళ్లలో పాత పసుపు బల్బులు దాదాపు కనబడకుండా పోయాయి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు ఆరు గంటలు వెలిగినా నెలకు రెండు యూనిట్లు కూడా కాలదు. అయినా గదిలోంచి బయటికి రాగానే దాన్ని ఆర్పమని పిల్లలను హెచ్చరిస్తూనే ఉంటాము. అదే గదిలో 75 వాట్లు తీసుకునే పాత సీలింగ్ ఫ్యాను రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు సుమారు 34 యూనిట్లు కాలుతాయి. కోస్తా జిల్లాల ఉక్కపోతలో సంక్రాంతి ముందు నాలుగు చలి రోజులు తప్ప ఫ్యాను ఆగదు కాబట్టి, పొదుపు మొదలుకావలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం. విజయవాడలోని మా ఇంట్లో కొన్ని వేసవులుగా బీఎల్‌డీసీ ఫ్యాన్లను, అంటే బ్రష్‌లెస్ డీసీ మోటారుతో తక్కువ కరెంటుకే తిరిగే ఫ్యాన్లను వాడుతున్నాము. ఇక్కడ రాస్తున్న మంచీ చెడూ ఏ ఒక్క కంపెనీకో కాక ఈ రకం ఫ్యాన్లన్నిటికీ వర్తిస్తాయి కనుక కంపెనీ పేర్ల జోలికి వెళ్లడం లేదు.

పాత ఫ్యానులో ఉండేది ఇండక్షన్ మోటారు. దాని తీగచుట్టలో పుట్టిన అయస్కాంత క్షేత్రం, తిరిగే భాగంలో మళ్లీ విద్యుత్తును ప్రేరేపించి దాన్ని తిప్పుతుంది. ఈ క్రమంలో మనం కొన్న కరెంటులో మంచి భాగం గాలిగా మారకుండా వేడిగా మారిపోతుంది. గంటల తరబడి తిరిగిన పాత ఫ్యానును ఆపి, స్విచ్చి కట్టేసి దాని డొప్పను తాకితే ఆ వేడి చేతికి తెలుస్తుంది. బీఎల్‌డీసీ మోటారులో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలు అమర్చి ఉంటాయి కాబట్టి దానిలో వేరే విద్యుత్తును పుట్టించవలసిన పని లేదు. ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఇంటి కరెంటును డీసీగా మార్చి, ఏ క్షణంలో ఏ తీగచుట్టకు కరెంటు అందాలో చూసుకుంటుంది. అందువల్ల పూర్తి వేగంలో కూడా ఈ ఫ్యాను 28 నుంచి 35 వాట్లతో సరిపెట్టుకుంటుంది. వేగం తగ్గించినప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది: రాత్రి రెండో నంబరులో పెట్టుకుంటే అది తీసుకునే కరెంటు ఒక ఎల్‌ఈడీ బల్బుకు అయ్యేదానికి దగ్గరగా ఉంటుంది. పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటరుతో ఇది సాధ్యం కాదు, ఎందుకంటే అది ఫ్యానుకు తగ్గించిన కరెంటును తానే వేడిగా ఖర్చు చేస్తుంది.

ఇక డబ్బు లెక్క. ఒక్కో ఫ్యానుకు 45 వాట్లు ఆదా అయి, రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. దుకాణంలో అమ్మేవారు ఈ 20 యూనిట్లను ఏదో ఒక ధరతో గుణించి, ఏడాదికి ఇన్ని వేలు మిగులుతాయని చెబుతారు. అసలు విషయం అక్కడే తప్పిపోతుంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ఆ మెట్లే శ్లాబులు. మిగిలిన యూనిట్లు బిల్లులో అడుగు శ్లాబు నుంచి కాక పై శ్లాబు నుంచి తగ్గుతాయి కాబట్టి, ఒకే ఫ్యాను రెండు ఇళ్లలో రెండు రకాలుగా డబ్బు మిగులుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మార్చిన గృహ శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75 చొప్పున పడుతుంది. నెలకు 260 యూనిట్లు వాడే ఇంట్లో రెండు ఫ్యాన్లు మార్చి 40 యూనిట్లు తగ్గిస్తే, వాటిలో 35 యూనిట్లు 8.75 ధరలోనూ మిగతా ఐదు 6 రూపాయల ధరలోనూ తగ్గి, నెలకు సుమారు 336 రూపాయలు మిగులుతాయి. నెలకు 120 యూనిట్లే వాడే ఇంట్లో అవే రెండు ఫ్యాన్లు అవే 40 యూనిట్లను మిగిల్చినా ఆదా 180 రూపాయలే. ఫిక్స్‌డ్ ఛార్జీలను ఈ లెక్కలో కలపలేదు, అవి ఎలాగూ తగ్గవు. యూనిట్‌కు ఇంత అని వేసే సర్దుబాటు ఛార్జీలు మాత్రం యూనిట్లతో పాటే తగ్గుతాయి కాబట్టి నిజమైన ఆదా ఇంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది. రెండు ఫ్యాన్లకు 6,000 రూపాయలు పెట్టామనుకుంటే, మొదటి ఇంటికి ఏడాదిన్నరలో పెట్టుబడి తిరిగి వస్తుంది, రెండో ఇంటికి రెండున్నరేళ్లు దాటుతుంది. చలికాలంలో ఫ్యాన్లు తిరిగే గంటలు తగ్గుతాయి కనుక ఇద్దరూ మరికొన్ని నెలలు కలుపుకోవాలి.

తెలంగాణలో లెక్క మరో రకంగా ఉంటుంది, అక్కడ 200 యూనిట్ల గీత చాలా ముఖ్యం. నెలకు సరిగ్గా 200 యూనిట్లు వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు పడుతుంది. 210 యూనిట్లు వాడితే వర్గమే మారిపోయి, మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, ఆపై పదింటికి 7.70 చొప్పున 1,097 రూపాయలు పడుతుంది. అంటే ఆ చివరి పది యూనిట్ల ఖరీదు 277 రూపాయలు. నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితంగా ఇచ్చే, 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో ఉన్న కుటుంబానికి ఈ గీత మరింత విలువైనది, ఎందుకంటే 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. హైదరాబాదులో ఉండే మా పెద్దక్క వాళ్ల ఇల్లు వేసవిలో ఈ గీతకు అటూ ఇటూ ఊగుతూ ఉండేది. అటువంటి ఇంటికి ఒక్క ఫ్యాను మార్చినా చాలునని నేను ధైర్యంగా చెబుతాను. అదే పథకంలో ఉండి నెలకు వంద యూనిట్లే వాడే కుటుంబానికి మాత్రం బిల్లు కోసం ఈ ఫ్యాను కొనవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు.

ఈ కారణంగానే ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చడాన్ని నేను సమర్థించను. పడకగదిలో రాత్రంతా, పెద్దవాళ్లు మధ్యాహ్నం నడుం వాల్చే చోట పగలంతా తిరిగే ఫ్యాన్లను ముందు మార్చాలి. చుట్టాలు వచ్చినప్పుడే తలుపు తీసే గదిలోనూ, భోజనాల వేళ గంట సేపు తిరిగే చోటా పెట్టిన 3,000 రూపాయలు తిరిగి రావడానికి పదేళ్లు దాటవచ్చు. కొత్త ఇల్లు కట్టుకునేవారి సంగతి వేరు: మామూలు ఫ్యానుకు ఎలాగూ 1,500 నుంచి 2,000 రూపాయలు పెట్టాలి కాబట్టి, అదనంగా పెట్టేది వెయ్యి, పదిహేను వందలే అవుతుంది, అది త్వరగానే వచ్చేస్తుంది.

బిల్లులో కనిపించని మేలు రెండు చోట్ల చూశాను. ఇన్వర్టరు మీద మూడు పాత ఫ్యాన్లు నడిస్తే 225 వాట్లు పడేది, ఇప్పుడు వంద వాట్ల లోపే పడుతుంది, కనుక రోహిణి కార్తెలో కరెంటు పోయినప్పుడు అదే బ్యాటరీ రెట్టింపు సేపు నిలబడుతోంది. రెండోది లో వోల్టేజీ. సాయంత్రం వేళ వోల్టేజీ పడిపోయి పాత ఫ్యాన్లు నీరసంగా తిరిగే ఊళ్లలో, ఈ ఫ్యాను వేగాన్ని బోర్డు నిలకడగా ఉంచుతుంది. పల్లెలో ఉండే తల్లిదండ్రులకు కొనిపెట్టాలనుకునేవారు ఈ ఒక్క కారణానికైనా దీన్ని ఆలోచించవచ్చు.

లోపాలు కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. మామూలు ఫ్యాను నెమ్మదిస్తే వీధి చివరి మెకానిక్కు వంద రూపాయల లోపు కండెన్సరు మార్చి ఇస్తాడు, మోటారు కాలితే వైండింగ్ చేసి ఇస్తాడు. బీఎల్‌డీసీ ఫ్యానులో బోర్డు పోతే అతను చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ కంపెనీ బోర్డే రావాలి. మా ఇంట్లో ఒక ఫ్యాను బోర్డు ఉరుములు మెరుపుల రాత్రి పోయింది. వారంటీ ఉన్నందున డబ్బు తీసుకోకుండానే మార్చారు గానీ, మనిషి రావడానికి వారం దాటింది, ఆ వారమంతా పెద్దవాళ్లు హాలులో పడుకోవలసి వచ్చింది. వారంటీ ముగిసిన తరువాత బోర్డు ఖరీదు మన మీదే పడుతుంది, అప్పుడు రెండేళ్ల ఆదాలో ఒక భాగం దానికే పోవచ్చు. అందుచేత కొనేటప్పుడు వంద, రెండు వందల తగ్గింపు కంటే వారంటీ ఎన్నేళ్లన్నదీ, మన ఊళ్లో కానీ దగ్గరి పట్టణంలో కానీ సర్వీసు సెంటరు ఉందా అన్నదీ ముందు అడగాలి. బిల్లునూ, పెట్టె మీద ఉండే సీరియల్ నంబరునూ భద్రంగా ఉంచుకోవాలి.

రిమోటు పెద్దవాళ్లకు ఇబ్బంది. చీకట్లో తడుముకోవలసి వస్తుంది, అది కనబడకపోతే గోడ స్విచ్చి ఒక్కటే దిక్కు. గోడ మీది రెగ్యులేటరుతో నడిచే రకాలూ దొరుకుతున్నాయి, అమ్మానాన్నల గదికి అటువంటిదే తీసుకోవడం మంచిది. రిమోటు రకం బిగించేటప్పుడు పాత రెగ్యులేటరును తీగల దారిలోంచి పూర్తిగా తీసేయించాలి. ‘ఫుల్లులో పెట్టి వదిలేయండి సార్, ఏమీ కాదు’ అని ఎలక్ట్రీషియన్ అన్నా ఒప్పుకోకూడదు, ఎవరో తెలియక దాన్ని తిప్పితే బోర్డు దెబ్బతింటుంది.

2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. అయితే ఐదు స్టార్లు చూసి ఆగిపోకుండా, నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి వీస్తుందో కూడా చదవాలి. 1200 మిల్లీమీటర్ల ఫ్యానుకు 210 నుంచి 230 మధ్య ఉంటే మామూలు గదికి సరిపోతుంది. వాట్లు తగ్గి గాలి కూడా తగ్గితే, ఉక్కపోతకు తాళలేక ఏసీ వేసుకుంటాము, ఫ్యానులో మిగిలిన కరెంటుకు ఎన్నో రెట్లు ఒక్క రాత్రిలో ఖర్చవుతుంది. గాలి బాగా వచ్చే ఫ్యాను ఉంటే ఏసీని 27 డిగ్రీల దగ్గర పెట్టి, మధ్యరాత్రి దాటాక ఆపేసినా నిద్ర చెడదు. నాకు తెలిసినంతలో వేసవి బిల్లు ఎక్కువగా తగ్గింది ఇక్కడే.

విప్పిన పాత ఫ్యాన్లను పాత సామాన్ల బండికి వేసేయనక్కర్లేదు. వాటికి కండెన్సరు మార్పించి, రెక్కల మీది దుమ్ము తుడిపించి, రోజుకు గంటో రెండు గంటలో తిరిగే వంటగది పక్క వసారాలోనూ చుట్టాల గదిలోనూ బిగించుకుంటే, అక్కడికి కొత్తవి కొనే ఖర్చు తప్పుతుంది.