ఫ్లావియో: బలహీన క్షయాలను లెక్కగట్టే ప్యాకేజీపై ఒక సమీక్ష

బాటమ్ క్వార్క్ ఉన్న మెసాన్లు (ఒక క్వార్కూ ఒక ప్రతిక్వార్కూ కలిసి ఏర్పడే కణాలు) ప్రకృతిలోని మూల బలాల్లో ఒకటైన బలహీన బలం వల్ల ఏ దారిలో ఎంత తరచుగా క్షయమవుతాయో సిద్ధాంతం నుంచి రాబట్టాలంటే, ఎన్నో పరిశోధన పత్రాల్లోని సూత్రాలను ఏరుకొచ్చి ఎవరి ప్రోగ్రాము వారు రాసుకోవలసి వచ్చేది. ఆ శ్రమను చాలావరకు తప్పించే ఉచిత పైథాన్ ప్యాకేజీ ఫ్లావియో. దీన్ని వివరిస్తూ డేవిడ్ స్ట్రాబ్ 2018లో ఒక పత్రం వెలువరించారు.

పరీక్షకు నేను తీసుకున్నది బి-ఎస్ మెసాన్ (బాటమ్, స్ట్రేంజ్ క్వార్కుల జంట) రెండు మ్యువాన్లుగా, అంటే ఎలక్ట్రాన్‌ను పోలిన బరువైన కణాలుగా, మారే క్షయం. మూల కణాల ప్రామాణిక సిద్ధాంతమైన స్టాండర్డ్ మోడల్ ప్రకారం వంద కోట్ల మెసాన్లలో మూడో నాలుగో మాత్రమే ఈ దారి పడతాయి. ఒక్క వరుస రాస్తే జవాబు వచ్చేస్తుంది కానీ, అది దేనికి జవాబో వివరణ చదివి తెలుసుకోవాలి. ఫ్లావియో ఇచ్చేది, మొత్తం క్షయాల్లో ఈ దారి పట్టేవి ఎన్నో కాలమంతటికీ కలిపి తీసిన నిష్పత్తి. బి-ఎస్ తన ప్రతికణంగా మారుతూ తిరిగి వస్తూ ఉండటం వల్లా, అందులోని రెండు స్థితుల ఆయుర్దాయాలు సమానం కాకపోవడం వల్లా, ఇది పుట్టిన క్షణానికి లెక్కగట్టిన నిష్పత్తి కన్నా ఆరేడు శాతం ఎక్కువగా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇన్‌పుట్ విలువలను విడివిడిగా మార్చి చూసే వీలు. బాటమ్ క్వార్క్ చార్మ్‌గా మారే బలాన్ని తెలిపే వి-సిబి విలువ, అన్ని క్షయాలనూ కలిపి కొలిస్తే దాదాపు 0.042 అనీ, ఒక్కొక్క క్షయాన్నే తీసుకుంటే దాదాపు 0.039 అనీ వస్తోంది. ఈ తగాదా ఏళ్ల తరబడి తెగడం లేదు. మ్యువాన్ జంట క్షయం రేటు ఈ విలువ వర్గం (స్క్వేర్)తో పాటు పెరుగుతుంది కనుక, మొదటిదాని స్థానంలో రెండోది పెట్టగానే అంచనా దాదాపు 14 శాతం పడిపోతుంది. సిద్ధాంతం బలహీనత ఎక్కడుందో ఇంత సూటిగా చూపడమే, నా దృష్టిలో, ఈ ప్యాకేజీ అసలు విలువ.

అనిశ్చితి లెక్క మాత్రం తొందరపాటుకు లొంగుతుంది. మామూలుగా వదిలేస్తే ఇది ఇన్‌పుట్ విలువలను యాదృచ్ఛికంగా మార్చి తీసిన 100 నమూనాలతోనే సరిపెట్టుకుంటుంది. దాంతో అనిశ్చితి విలువే ఏడు శాతం అటూ ఇటూ ఊగుతుంది. ప్రచురించే సంఖ్యకు కొన్ని వేల నమూనాలైనా తీయాలి.

బి మెసాన్ నుంచి కే-స్టార్ (స్ట్రేంజ్ క్వార్క్ ఉన్న మరో మెసాన్)తో పాటు మ్యువాన్ జంట వెలువడే క్షయంలో చార్మ్ క్వార్క్ వలయాల (మధ్యలో క్షణకాలం పుట్టి మాయమయ్యే చార్మ్ క్వార్క్ జంటల) ప్రభావాన్ని ఎవరూ పూర్తిగా లెక్కగట్టలేకపోయారు. ఫ్లావియో ఆ లోటును కొన్ని గుణకాలతో పూరిస్తుంది, వాటి పరిధి ఊహించి పెట్టినదే. ప్రయోగానికీ లెక్కకూ తేడా వచ్చిందని ప్రకటించబోయేవారు ముందుగా ఆ పరిధిని రెట్టింపు చేసి మళ్లీ లెక్కించాలి.