నొప్పి రెక్కలో, వేలు మెడ మీద

11 నెలలుగా మాన్యువల్ థెరపీకి వెళుతున్నాను. కీళ్లనూ కండరాలనూ ఫిజియోథెరపిస్టు చేతులతోనే నొక్కి, కదిలించి సడలించే చికిత్స అది. నేను రాయదలచుకున్నది మొదటి రోజు గురించి.

నా నొప్పి ఎడమ రెక్క ఎముక లోపలి అంచున, సరిగ్గా చెయ్యి అందని చోట. నాలుగేళ్లు అక్కడే బామ్ పూశాను, అక్కడే కాపడం పెట్టాను, గోడకు బంతి ఆనించి అక్కడే రుద్దుకున్నాను. ఫిజియోథెరపిస్టు మాత్రం రెక్కను ముట్టుకోనే లేదు. బోర్లా పడుకోబెట్టి, మెడలోని ఏడు పూసలనూ బొటనవేళ్లతో ఒక్కొక్కటే నొక్కుతూ కిందికి వచ్చారు. చివరి రెండింటి దగ్గర ఎడమ పక్కన నొక్కగానే రెక్కలో అదే నొప్పి, అదే చోట, చివుక్కున లేచింది. ‘‘ఇదేనా?’’ అన్నారు. దొంగ దొరికిన సంబరంతో నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మెడ అడుగు కీళ్ల నొప్పి రెక్కలో తెలియడం మామూలేనట! ఎన్ని బామ్ సీసాలు వృథా చేశానో.

ఆ సాయంత్రం మెడ తిప్పి వెనక్కి చూడగలిగాను. మంత్రం వేసినట్టు పోయిందని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. మర్నాడంతా మెడ పచ్చిపుండులా సలిపింది. మూడో రోజు హాయి. ఐదో రోజుకు పాత నొప్పి వచ్చి తన చోట కూర్చుంది. రెండు నెలలు ఇదే తంతు. చివరికి ఉక్రోషం పట్టలేక అడిగేశాను. ‘‘గడ్డం వెనక్కి లాగే వ్యాయామం రోజుకు ఎన్నిసార్లు చేస్తున్నారు?’’ అన్నారావిడ. నేను కిటికీ వైపు చూశాను.

చేయడం మొదలుపెట్టాక వారానికి రెండుసార్లు వెళ్లే అవసరం నెలకు ఒకసారికి తగ్గింది. మేలు చేతులదో వ్యాయామానిదో విడదీయలేను. ఆ చేతులు ముందు సడలించకపోతే వ్యాయామానికి నా మెడ కదిలేది కాదన్నది మాత్రం నిజం.

మెడ విరిచి ‘టప్’మనిపించడం నేనే వద్దన్నాను. ఆ శబ్దం పూస చోటికి చేరినందుకు రాదు, కీలు లోపలి ద్రవంలో బుడగ ఏర్పడడం వల్ల వస్తుంది. దాని కోసం మెడ రక్తనాళం చిరిగే ప్రమాదాన్ని, ఎంత అరుదైనదైనా, నేను కోరి తెచ్చుకోను.

నాది రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పని. చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం వంటివి లేవు. అవి ఉన్నవాళ్లు నా మాట పట్టుకోకుండా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. నేనైతే నెలకోసారి వెళుతూనే ఉన్నాను. మానేస్తే ఏమవుతుందో చూసే ధైర్యం ఇంకా రాలేదు.