పద్దు రాసిన విలేకరి, చెత్తదిబ్బ దగ్గర దొరికిన బట్లర్: ఏది మేలు?

1930ల హాలీవుడ్‌లో డబ్బున్న అమ్మాయి, లేని అబ్బాయి కథలకు కొదవ లేదు. ఒక్కటే చూసే తీరిక ఉంటే ఫ్రాంక్ కాప్రా ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ (1934) చూడాలా, గ్రెగరీ లా కావా ‘మై మ్యాన్ గాడ్‌ఫ్రే’ (1936) చూడాలా?

ఆరంభం వరకైతే గాడ్‌ఫ్రేదే పైచేయి. న్యూయార్క్ శ్రీమంతులు సరదాకి ఆడే వస్తువుల వేటలో మేకతో పాటు ఒక దిక్కులేని మనిషినీ పట్టుకురావాలి. అందుకోసం నది ఒడ్డున చెత్తదిబ్బ దగ్గరికి వచ్చి, అక్కడ బతుకుతున్న గాడ్‌ఫ్రే (విలియం పావెల్)కు ఐదు డాలర్లు ఆశ చూపిస్తారు. 1930ల ఆర్థిక సంక్షోభమైన మహా మాంద్యం మీద ఇంత చేదుగా నవ్వించిన సన్నివేశం నేను మరొకటి చూడలేదు. అతణ్ణి తమ ఇంట్లో బట్లర్‌గా, అంటే ఇంటి పనులు చూసే సేవకుడిగా పెట్టుకునే శ్రీమంతుల అమ్మాయి కరోల్ లొంబార్డ్ అల్లరి సరేసరి. నటనకిచ్చే నాలుగు ఆస్కార్ విభాగాల్లోనూ నామినేషన్లు దక్కిన మొదటి సినిమా ఇదే. తీరా చూస్తే బట్లర్‌గా చేరిన ఆ దిక్కులేనివాడు బోస్టన్ సంపన్నుల బిడ్డ! పేదవాణ్ణి పేదవాడిగానే ఉంచే ధైర్యం కథకు చాలలేదు. పైగా షేర్ల బేరంతో యజమానుల ఆస్తిని కూడా అతనే కాపాడతాడు.

కాప్రా అలా తప్పించుకోడు. తండ్రి మీద అలిగి పడవలోంచి దూకేసిన క్లాడెట్ కోల్బర్ట్, మయామీ నుంచి న్యూయార్క్‌కు బస్సెక్కుతుంది. చేతిలో డాలరు అరవై సెంట్లే మిగిలుండగా చాక్లెట్ల డబ్బా కొనబోతే, ఉద్యోగం ఊడిన విలేకరి క్లార్క్ గేబుల్ అడ్డుపడతాడు. అదే బస్సులో ఒక తల్లి ఆకలితో సొమ్మసిల్లుతుంది. ఇక్కడ డబ్బంటే లెక్కపెట్టుకునే చిల్లర. కూతురి ఆచూకీ చెప్పినవారికి తండ్రి ప్రకటించిన బహుమానం పదివేల డాలర్లు. గేబుల్ మాత్రం పద్దు చూపించి, తన చేతి నుంచి పోయిన 39 డాలర్ల 60 సెంట్లే అడుగుతాడు. ఆత్మగౌరవం మీద ఉపన్యాసం లేదు, ఒట్టి లెక్క. అంత మంచి కోటీశ్వరుడు మామగా దొరకడం కల్పనేననుకోండి, అల్లుడు మాత్రం విలేకరిగానే మిగులుతాడు.

నా ఓటు కాప్రాకే. హిందీ ‘చోరీ చోరీ’ (1956) చూసినవారికి కథ తెలిసిందే అయినా, గదిలో రెండు మంచాల మధ్య దుప్పటి కట్టే సన్నివేశం కోసమైనా చూడాలి. గాడ్‌ఫ్రేను మాటల పదును కోసం చూడండి. రెండూ చూసేసినవారు ‘ఈజీ లివింగ్’ (1937) వెతుక్కోవచ్చు. బ్యాంకరు మేడమీది నుంచి విసిరిన బొచ్చుకోటు బస్సులో వెళ్తున్న జీన్ ఆర్థర్ నెత్తిన పడుతుంది, అంతే, హోటల్ వాళ్లు ఆమెను రాణిలా చూస్తారు.