భుజాన బ్యాగేసుకుని శ్రీలంక: ఎక్కడ చవక, ఎక్కడ జేబుకు చిల్లు

ముందే చెప్పేస్తా, శ్రీలంక చవక దేశం అని వీడియోల్లో చెప్పేవాళ్ల మాట సగమే నిజం. బస్సు, రైలు, తిండి, గది, ఈ నాలుగూ చవకే. టికెట్ పెట్టి లోపలికి పంపే చోట్లు, జీపు సఫారీలు మాత్రం డాలర్ల లెక్క, అక్కడ మన లెక్కలన్నీ తారుమారవుతాయి. కొన్నేళ్లుగా వీలు చిక్కినప్పుడల్లా పోయొస్తున్నా, 2022 ఆర్థిక సంక్షోభానికి ముందూ చూశా, తర్వాతా చూశా, కాబట్టి ఒక్క ట్రిప్పు ఊపులో రాస్తున్న రివ్యూ కాదిది.

కడప నుంచి పోవడం పెద్ద పనేం కాదు. రాత్రి చెన్నై రైలెక్కితే తెల్లారేసరికి దిగుతాం, అక్కడి నుంచి కొలంబోకు విమానం గంటన్నర. జాఫ్నాకు కూడా చెన్నై నుంచి నేరుగా విమానం ఉంది. నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేశన్‌తురై రేవుకు 2023 అక్టోబరులో ఓడ మొదలైంది, కొన్నాళ్లు ఆగి 2024 ఆగస్టులో మళ్లీ నడిచింది. సముద్రం బాగోలేకపోతే ఆపేస్తారు, అందుకే తిరుగు ప్రయాణం దాని మీద పెట్టుకుని సోమవారం ఆఫీసుకు పోవాలనుకునేవాళ్లు దాని జోలికి పోవద్దు. పోయేముందు ఈటీఏ, అంటే ఆ దేశంలోకి పోయే అనుమతి, ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఫీజు రూల్ మాటిమాటికీ మారుతుంటుంది, ప్రభుత్వ సైట్‌లోనే చూసుకోండి. అచ్చం అలాంటి పేర్లతోనే ఏజెంట్ల సైట్లు కూడా ఉన్నాయి, అవి పైన ఇంకాస్త గుంజుతాయి.

డబ్బు సంగతి. మన రూపాయికి వాళ్లవి దాదాపు మూడున్నర వస్తాయి. గది, తిండి, బస్సులు కలిపి నాకు రోజుకు మన డబ్బులో రెండు వేల చిల్లర అవుతోంది, గది ఇద్దరు పంచుకుంటే ఇంకా తగ్గుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ మన యూపీఐ పనిచేస్తోంది కానీ అది పెద్ద షాపుల ముచ్చట, బస్సు కండక్టరుకీ టీకొట్టుకీ నోట్లే ఇవ్వాలి.

బస్సుల గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే ఖర్చు తగ్గేది అక్కడే. ఎర్ర రంగువి ప్రభుత్వానివి, మిగతావి ప్రైవేటు. ప్రైవేటు బస్సులో డ్రైవర్ తల మీద బుద్ధుడు, పక్కన వినాయకుడు, చుట్టూ మిణుకుమిణుకుమనే రంగుల బల్బులు, చెవులు పగిలే పాటలు. కండక్టరు నోట్లను నిలువుగా మడిచి వేళ్ల సందుల్లో పెట్టుకుని, ఒంటి చేత్తో కమ్మీ పట్టుకుని, కదిలే బస్సులోంచి సగం బయటికి వేలాడుతూ ఊళ్ల పేర్లు అరుస్తుంటాడు. ముందు సీట్లు బౌద్ధ భిక్షువులవి, వాళ్లు ఎక్కితే లేవాల్సిందే. ఘాట్ రోడ్డులో వాళ్లు ఓవర్‌టేక్ చేసే తీరు చూస్తే మా గువ్వలచెరువు ఘాట్ డ్రైవర్లు సాధువులనిపిస్తారు. సామాన్లకు చోటుండదు, పెద్ద బ్యాగైతే డ్రైవర్ పక్కన కుప్పలో పడేస్తారు, లేదంటే ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. నలభై లీటర్ల బ్యాగు దాటొద్దని నేను చెప్పేది అందుకే. దానికి వాన కవరు తప్పనిసరి.

రైలు. క్యాండీ నుంచి ఎల్లాకు పోయే దారి గురించి అందరూ చెబుతారు, అందులో అబద్ధమేం లేదు. టీ తోటల మధ్య ఆరేడు గంటలు మెల్లగా పాకుతుంది. కానీ రిజర్వేషన్ సీట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి, తర్వాత అవే టికెట్లు మధ్యవాళ్ల దగ్గర ఎన్నో రెట్ల ధరకు దొరుకుతాయి. అంత పెట్టి కొనకండి. రిజర్వేషన్ లేని సెకండ్, థర్డ్ క్లాసు టికెట్ అప్పటికప్పుడు కౌంటర్‌లో ఇస్తారు, ధర కూడా తేలిగ్గానే ఉంటుంది. నాను ఓయా దాకా నిలబడే పోవాల్సి రావచ్చు, నువరఎలియాకు పోయే జనం అక్కడ దిగిపోతారు, సీటు దొరుకుతుంది, పైగా అందమైన భాగం అక్కడి నుంచే ఎక్కువ. 2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను ఈ కొండ లైనును బాగా దెబ్బతీసింది, ఏ ముక్క నడుస్తోందో కనుక్కున్నాకే ప్లాన్ వేసుకోండి. ఎల్లా దగ్గర తొమ్మిది కమాన్ల వంతెన 1921లో ఇనుము వాడకుండా రాయి, ఇటుక, సిమెంటుతో కట్టింది, చూడ్డానికి పైసా ఖర్చు లేదు. ఎల్లా ఊరు మాత్రం నాకు నచ్చదు, ఏటికేడు కేఫులు పెరిగిపోయి కాఫీ కూడా బెంగళూరు రేటుకు అమ్ముతున్నారు.

ఇక టికెట్ల దోపిడీ. సిగిరియా కొండకు విదేశీ టికెట్ ముప్పై డాలర్ల పైమాటే, సార్క్ దేశాలవాళ్లకు తగ్గింపు ఉంది, పాస్‌పోర్టు చూపించాలి, జిరాక్స్ చూపిస్తే ఒక్కోసారి ఒప్పుకోరు. తగ్గింపు పోనూ మనకు భారమే. గండికోట చూసి పెరిగినవాడికి బండ మీద కోట అంటే కొత్తేం కాదనుకుంటాం గానీ, అయిదో శతాబ్దంలో కశ్యపుడనే రాజు గీయించిన ఆ వర్ణచిత్రాలు సగం కొండ మీద గోడకు ఇంకా రంగు పోకుండా ఉన్నాయి, వాటికోసం ఒక్కసారి ఎక్కొచ్చు. రెండోసారి వద్దు. ఎదురుగా ఉండే పిదురంగల కొండకు చాలా తక్కువ టికెట్, తెల్లవారుజామున ఎక్కితే సిగిరియా మొత్తం కళ్లెదుట ఉంటుంది, ఆఖర్న బండరాళ్ల మీద పాకాలి అంతే. సఫారీ జీపు పంచుకునేవాళ్లు దొరికితేనే పోండి. నాకు ఒకచోట ఫోన్లో ఒక రేటు చెప్పి, తెల్లారి నాలుగింటికి వచ్చాక పార్కు ఫీజు వేరే అన్నారు, ఆ చీకట్లో చేసేదేముంది, ఇచ్చా. అన్నీ కలిపి ఎంతో ముందే మెసేజ్‌లో రాయించుకోండి.

అసలు ఖర్చు లేకుండా దొరికే గొప్ప అనుభవం శ్రీపాద కొండ. 2,243 మీటర్లు, అయిదు వేలకు పైగా మెట్లు, టికెట్ లేదు. డిసెంబరు పౌర్ణమి నుంచి మే పౌర్ణమి దాకా సీజన్, రాత్రంతా దారి పొడవునా లైట్లు, టీకొట్లు. హాటన్‌లో రైలు దిగి బస్సెక్కాలి. తిరుమల నడకదారి అలవాటున్న కాళ్లకు కూడా దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతాయి. పైన చలి గట్టిగా ఉంటుంది, కడప మనుషులు స్వెట్టర్ మరవొద్దు.

క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న దంత మందిరం అందరూ చూస్తారు, పక్కనే చెక్క స్తంభాల సభామండపం దగ్గర ఎవరూ ఆగరు. 1815లో రాజ్యం ఇంగ్లీషువాళ్లకు పోయినట్టు ఒప్పందం చదివింది అక్కడే. ఆ ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు నాయకరాజుల వంశంవాడు, వాళ్లది తెలుగు మూలాలున్న కుటుంబం. ఆయన్ను వేలూరు కోటలో పెట్టారు, 1832లో అక్కడే పోయాడు. ఇది చెబితే మా బావమరిది "అయితే బావా, మనోళ్ల ఊరికొచ్చి మనం టికెట్ కట్టినామా?" అన్నాడు.

తిండికి ఇబ్బంది లేదు, మాంసం తినేవాళ్లకైతే. మధ్యాహ్నం అన్నం, పప్పు, మూడు నాలుగు కూరలు, కొబ్బరి కారం, అడిగినంత అన్నం వేస్తారు. కారం మనకు చాలదు గానీ మరీ చప్పగా ఏం ఉండదు. శాకాహారులు జాగ్రత్త, ఆ కొబ్బరి కారంలో, కొన్ని కూరల్లో ఎండుచేప పొడి కలుపుతారు, చెప్పి చేయించుకోవాలి. లేదా తమిళుల సైవ (శాకాహార) హోటళ్లు వెతుక్కోండి, జాఫ్నాలో వీధికొకటి ఉంటుంది. చిన్న హోటళ్లలో కూర్చోగానే రోల్సు, బన్నులు పళ్లెం నిండా తెచ్చి పెడతారు, కంగారు పడొద్దు, తిన్నవాటికే బిల్లు. గేదె పెరుగు మీద కితుల్ (తాటి జాతి చెట్టు) పాకం పోసిచ్చేది మాత్రం వదలొద్దు.

వానల లెక్క తెలియకపోతే ట్రిప్పంతా గదిలోనే గడుస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు పడమర, దక్షిణం, కొండల మీద పడతాయి, అప్పుడు తూర్పు తీరం ఎండగా ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో వానలు తూర్పు, ఉత్తరాల వంతు. వానల్లో కొండల మీద నడిస్తే జలగలు పట్టుకుంటాయి, వాటిని చూడని సీమ పిల్లలు కేకలు పెట్టేస్తారు, కొంచెం ఉప్పు దగ్గర పెట్టుకోండి. ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవు, మందు అమ్మరు, బస్సులు కిటకిటలాడతాయి.

అమ్మానాన్నలను శక్తిపీఠమని ట్రింకోమలి శాంకరీదేవి దగ్గరికి తీసుకెళ్లాలనుకునేవాళ్లు పైన రాసిన బస్సులూ నిలబడే రైళ్లూ మర్చిపోండి. కొలంబో నుంచి ఎంతలేదన్నా ఆరు గంటల దారి. వ్యాన్ మాట్లాడుకుని మధ్యలో దంబుల్లాలో ఆగి పోండి, ఆ ఖర్చు వేరే లెక్క.