అరండల్‌పేటలో అడవి సరుకుల దుకాణం: రెండేళ్లుగా కొంటున్నాను

గుంటూరు అరండల్‌పేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల చిన్న దుకాణం ఉంది. తేనె, కుంకుడుకాయలు, సీకాయ, కరక్కాయలు, కొండ చీపుళ్లు, అన్నీ అడవి సరుకులే. ఎక్కువ భాగం జీసీసీవి, అంటే గిరిజన సహకార సంస్థవి. మన్యంలో షావుకార్లు తక్కువ ధరకు సరుకు లాగేసుకోకుండా 1956లో ప్రభుత్వం పెట్టిన సంస్థ అది. విశాఖపట్నంలో దాని కేంద్రం.

ముందు తేనె సంగతి. అంతకుముందు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సీసాలు ఏడాదంతా ఒకే రంగు, ఒకే రుచి. పాకం తాగినట్టుండేది. ఇక్కడి తేనె ఒకసారి లేత పసుపు, ఇంకోసారి దాదాపు బెల్లం రంగు. మొన్న జనవరిలో సీసా అడుగున పేరుకుంటే అమ్మ కల్తీ అనుకుని టెన్షన్ పడింది. చలికి తేనె గడ్డకట్టడం మామూలే. గోరువెచ్చటి నీళ్లలో ఓ అరగంట ఉంచితే కరిగిపోయింది.

చిల్లగింజలు చూసినప్పుడైతే నాకు ప్రాణం లేచొచ్చింది. మా నాయనమ్మ వాటిని బిందె లోపలి వైపు అరగదీసి చెరువు నీళ్లు పోసేది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగేది. ఆ పక్కనే తపసి బంక పొట్లాలున్నాయి. కట్టుడు పళ్లు కదలకుండా అతికించే పొడిలో ఈ బంక వాడతారు, విదేశాలకూ వెళ్తుంది.

నేను ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. జీడీపీలో అడవుల రంగం వాటా ఒకటి, రెండు శాతం మధ్యే అనగానే "అంతేనా మేడమ్?" అంటారు. అందుకే ఈ ఏడాది ఆ పాఠానికి ఈ దుకాణం బిల్లు పట్టుకెళ్లాను. 740 రూపాయలు. ఈ తేనెకు బిల్లు ఉంది కాబట్టి లెక్కకెక్కింది. అదే తేనె చెంచు గూడెంలో తల్లి బిడ్డకు నాకిస్తే బిల్లెక్కడిది? వాన నీటిని పట్టి ఉంచి వాగుల్లోకి వదిలినందుకు నల్లమల ఎవరికి బిల్లు వేస్తుంది? కేంద్ర గణాంక శాఖ 2025లో అడవుల లెక్కలు విడిగా వేసింది. 2021–22లో అడవులు పట్టి ఉంచిన కార్బన్ విలువ ఒక్కటే జీడీపీలో సుమారు 2.6 శాతానికి సమానమట. అమ్ముడుపోయే సరుకు మొత్తం కన్నా, అమ్మడానికి వీల్లేని ఆ ఒక్క పనే పెద్దదన్నమాట. క్లాసులో ఆ మాట చెబుతుంటే నా గొంతు వణికింది.

2006 అటవీ హక్కుల చట్టం ఈ సరుకుల మీద హక్కు ఏరుకునే వాళ్లకే ఇచ్చింది. 2013–14 నుంచి కేంద్రం మద్దతు ధర పథకం కూడా ఉంది. అయినా ధర వాళ్ల చేతికి అందాలంటే ఈ చివర మనం కొనాలి. ఇంకో రూపాయి ఎక్కువైనా నేను ఇస్తాను.

దుకాణంలో లోపాలూ ఉన్నాయి. పోయిన వానాకాలం కుంకుడుకాయలకు చెమ్మ తగిలి బూజు పట్టింది. అడిగితే మార్చి ఇచ్చారు కానీ, గోడవారగా బస్తాలు పెట్టడం మాత్రం మానలేదు. చింతపండు వచ్చిన వారానికే అయిపోతుంది. "బాబాయ్ గారూ, రెండు కిలోలు పక్కన పెట్టండి" అని ముందే చెప్పి ఉంచుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర దాకా షట్టర్ దించేస్తారు, సాయంత్రం వెళ్లండి.