బంతులూ పుల్లలతో లిపిడ్లు: ఒక అణు నమూనాల పెట్టెపై సమీక్ష

మానవ శరీరంలోని లిపిడ్ల (కొవ్వులు, వాటి తరహాలో నీటిలో కరగని పదార్థాలు) నిర్మాణాన్ని, అవి చేసే పనులను బోధించడానికి ఉపకరిస్తుందన్న ఆశతో కొన్న అణు నమూనాల పెట్టె గురించి ఈ సమీక్ష. ప్లాస్టిక్ బంతులు, వాటి రంధ్రాల్లో దూర్చే పుల్లలు, ఒక చిన్న సూచనల పుస్తకం తప్ప ఇందులో మరేమీ లేవు. కార్బన్‌కు నలుపు, హైడ్రోజన్‌కు తెలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు, నైట్రోజన్‌కు నీలం. 1865లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ క్రోకే ఆట బంతులతో అణువులను చూపించినప్పుడు వాడిన రంగులే ఇవి. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఒక్కో లిపిడ్ అణువు తన ఆకారం వల్ల ఏ పనికి తగినదయిందో చూపించడంలో ఈ పెట్టె ఎంతో బాగుంది. అయితే శరీరంలో లిపిడ్లు చేసే పనుల్లో చాలా భాగం గుంపుగా చేసేవే కాబట్టి, ఆ భాగం దగ్గరకు వచ్చేసరికి ఇది చేతులెత్తేస్తుంది.

పెట్టెలో 50 కార్బన్లు, 100 హైడ్రోజన్లు, 20 ఆక్సిజన్లు, కొన్ని నైట్రోజన్లు, రెండు ఫాస్ఫరస్‌లు ఉన్నాయి. ఏకబంధాలకు పొట్టి గట్టి పుల్లలు, ద్విబంధాలకు వంగే పొడవాటి పుల్లలు ఇచ్చారు. జత చేసిన రెండు కార్బన్ల నడుమ దూరం సుమారు 3 సెంటీమీటర్లు వస్తుంది. అంటే నిజమైన అణువును దాదాపు ఇరవై కోట్ల రెట్లు పెద్దది చేసి చూస్తున్నట్టు లెక్క. పుల్లలు రంధ్రాల్లో బిగుతుగా కూర్చుంటాయి, కూర్చున్నాక కూడా తిరుగుతాయి. తయారీదారు ఈ విషయంలో చూపిన శ్రద్ధ మెచ్చుకోదగినది, ఎందుకంటే ఏకబంధం చుట్టూ గొలుసు స్వేచ్ఛగా తిరగగలగడం లిపిడ్ల కథలో ముఖ్యమైన అంశం.

మొదట కట్టవలసినది పామిటిక్ ఆమ్లం. 16 నల్ల బంతులు వరుసగా, వాటి చుట్టూ తెల్ల బంతులు, ఒక కొసన మాత్రం రెండు ఎర్ర బంతులు. పూర్తయ్యేసరికి మూరకు కాస్త తక్కువ పొడవుండే ఈ గొలుసును బల్ల మీద పెడితే, పాఠ్యపుస్తకంలో అణువుకు బదులు గీసే వంకర గీత ఇవ్వలేని రెండు విషయాలు వెంటనే కంటబడతాయి. ఎరుపు ఉన్న కొస ఒక్కటే నీటితో పొత్తు కుదుర్చుకోగలదు, మిగిలిన తోక అంతటికీ నీటితో పని లేదు. రెండవది, ఈ అణువులో ఆక్సిజన్ ఎంత తక్కువో చూపు పడగానే తెలుస్తుంది. పక్కన గ్లూకోజ్ కట్టి పెడితే అందులో ఆరు నలుపులకు ఆరు ఎరుపులుంటాయి, ఇక్కడ పదహారింటికి రెండే. కొవ్వు ఆమ్లం అంటే ఇంకా కాలవలసినది చాలా మిగిలి ఉన్న ఇంధనమన్నమాట. గ్రాము పిండి పదార్థం సుమారు 4 కిలోకేలరీలు ఇస్తే గ్రాము కొవ్వు 9 ఇవ్వడానికి ముఖ్య కారణం బల్ల మీదే కనిపిస్తుంది. దానికి తోడు శరీరం పిండి పదార్థాన్ని దాచుకునే రూపమైన గ్లైకోజన్ తన బరువుకు దాదాపు మూడింతల నీటిని వెంటబెట్టుకుని నిల్వ ఉంటుంది, కొవ్వుకు ఆ బరువు మోయవలసిన అవసరం లేదు.

కణంలోని మైటోకాండ్రియా ఈ గొలుసును ఎర్ర కొస నుంచి రెండేసి కార్బన్ల చొప్పున తెంపుతుంది. విద్యార్థి చేతికి గొలుసునిచ్చి అలాగే తెంపమంటే ఏడు చోట్ల తెంపగా ఎనిమిది ముక్కలు వస్తాయి. బీటా ఆక్సీకరణం అనే మాటకు భయపడేవారు కూడా దీన్ని మరచిపోరు. తెంపిన ఆ రెండు కార్బన్ల ముక్కలను పారేయవద్దని చెప్పాలి, కొలెస్ట్రాల్ దగ్గర మళ్లీ వాటి అవసరం పడుతుంది.

శరీరం కొవ్వును నిల్వ చేసుకునే రూపమైన ట్రైగ్లిజరైడ్ దగ్గర పెట్టె మొదటిసారి ఇబ్బంది పెడుతుంది. మూడు కార్బన్ల గ్లిసరాల్‌కు మూడు పామిటిక్ ఆమ్లాలను తగిలిస్తే 51 కార్బన్లు కావాలి, పెట్టెలో ఉన్నవి 50. ఒక్క బంతి తక్కువ! ముఖచిత్రం మీద కొవ్వు అణువు బొమ్మ వేసిన వస్తువులో ఈ లోటు ఉండకూడదు. చివరకు మూడవ గొలుసుగా 14 కార్బన్ల మిరిస్టిక్ ఆమ్లం కట్టి సరిపెట్టాను. మన శరీరంలోని ట్రైగ్లిజరైడ్లలో మూడు గొలుసులూ ఒకే రకంగా ఉండటం అరుదు కాబట్టి, ఇలా కలగలిపి కట్టడమే నిజానికి దగ్గర అని కూడా చెప్పుకోవచ్చు. గ్లిసరాల్‌ను ఆమ్లంతో కలిపే ఒక్కో ఎస్టర్ బంధం ఏర్పడేటప్పుడు ఒక ఎర్ర బంతి, రెండు తెల్ల బంతులు ఊడి నీటి అణువుగా పక్కకు వస్తాయి. మూడు నీటి అణువులు బల్ల మీద మిగిలాక చూస్తే, నీటితో కలవగలిగిన కొసలన్నీ బంధాల్లో చిక్కుకుపోయి, అణువు మొత్తం నీటికి ముఖం చాటేసినట్టుంటుంది. కొవ్వు కణంలో ట్రైగ్లిజరైడ్ నీటితో కలవకుండా ఒకే పెద్ద బొట్టుగా నిల్వ ఉండటానికి ఇదే ఆధారం. చర్మం కింది పొరగా వేడిని కాపాడటం, అవయవాల చుట్టూ మెత్తగా అమరి దెబ్బ తగలకుండా చూడటం కూడా ఈ నిల్వ చేసే పనులే, కాకపోతే వాటిని చూపించడానికి నమూనా అక్కరలేదు.

ఈ పెట్టెకు ఖర్చు చేసిన డబ్బుకు న్యాయం జరిగేది ద్విబంధం దగ్గర. 18 కార్బన్ల స్టియరిక్ ఆమ్లంలో తొమ్మిదవ, పదవ కార్బన్ల నుంచి ఒక్కో తెల్ల బంతి తీసి, ఆ రెండింటి మధ్య వంగే పుల్లలు రెండు పెడితే ఓలియిక్ ఆమ్లం అవుతుంది. మిగిలిన రెండు హైడ్రోజన్లూ ఒకే వైపు ఉండేలా, అంటే సిస్ పద్ధతిలో పెట్టాలి. అప్పుడు గొలుసు నడుమ మోచేయిలాంటి వంపు వస్తుంది, ఎంత తిప్పినా పోదు. ద్విబంధాలు లేని సంతృప్త గొలుసును కూడా ఎక్కడ కావాలంటే అక్కడ వంచవచ్చు, మళ్లీ తిన్నగానూ చేయవచ్చు. సిస్ వంపు మాత్రం శాశ్వతం. రెండు తిన్నని గొలుసులను పక్కపక్కన పేరిస్తే ఒకదానికొకటి అంటుకుని కూర్చుంటాయి, వంపున్నదాన్ని మధ్యలో పెడితే వరుస చెదిరిపోతుంది. స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే, రెండే హైడ్రోజన్లు తక్కువైన ఓలియిక్ ఆమ్లం 13 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మన శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీలు ఈ రెండింటికీ నడుమ ఉంది. ఇక ఒక హైడ్రోజన్‌ను అవతలి వైపుకు మార్చి ట్రాన్స్ రూపం చేస్తే, ద్విబంధం ఉండి కూడా గొలుసు దాదాపు తిన్నగా నిలబడుతుంది. ట్రాన్స్ కొవ్వు సంతృప్త కొవ్వులా ఎందుకు గడ్డకడుతుందో చెప్పడానికి ఇంతకంటే సూటి మార్గం నాకు తెలియదు. ఇక్కడ చిన్న లోపం ఒకటుంది. ద్విబంధం దగ్గర కోణం 120 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి, ఈ బంతుల రంధ్రాలు ఆ కోణానికి చేసినవి కావు. చూసేవారు గమనించరు, చెప్పేవారు గుర్తుంచుకుంటే చాలు.

తొమ్మిదవ కార్బన్ దాటి, తోక కొస వైపు, కొత్త ద్విబంధం పెట్టే ఎంజైమ్ మనిషికి లేదు. అందుకే లినోలియిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలు ఆహారం నుంచే అందాలి. కొన్ని కొవ్వు ఆమ్లాలు ఇలా అత్యవసరమని బర్ దంపతులు 1929లో ఎలుకల మీద చూపించారు. లినోలియిక్ ఆమ్లం నుంచి శరీరం తయారు చేసుకునే అరాకిడోనిక్ ఆమ్లంలో 20 కార్బన్లు, నాలుగు సిస్ ద్విబంధాలు ఉంటాయి. దీన్ని కట్టి చూడమని ప్రత్యేకంగా చెబుతాను. నాలుగు వంపుల వల్ల గొలుసు తన మీదికే మడుచుకుని వస్తుంది, ఎనిమిదవ కార్బన్, పన్నెండవ కార్బన్ ఎదురెదురుగా చేరతాయి. సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ సరిగ్గా ఆ రెండింటినీ కలిపి ఐదు కార్బన్ల వలయం చేస్తుంది. నొప్పి, వాపు, జ్వరం వంటి వాటిలో పాలుపంచుకునే ప్రోస్టాగ్లాండిన్లు పుట్టేది అక్కడినుంచే. ఆస్పిరిన్ అడ్డుకునేది ఈ మెట్టునే అని జాన్ వేన్ 1971లో తేల్చారు. సూచనల పుస్తకంలో దీని ప్రస్తావనే లేకపోవడం ఆశ్చర్యం.

ఫాస్ఫేట్ ఉన్న తల, రెండు కొవ్వు ఆమ్లపు తోకలు ఉండే ఫాస్ఫోలిపిడ్ వద్ద మాత్రం పెట్టె నాణ్యత పడిపోతుంది. ఊపిరితిత్తుల్లోని సర్ఫాక్టంట్‌లో ప్రధానమైన డైపామిటాయిల్ ఫాస్ఫటిడిల్ కోలిన్‌కు 40 కార్బన్లు, 80 హైడ్రోజన్లు చాలు కాబట్టి లెక్క సరిపోతుంది. కానీ తలలో భాగమైన కోలిన్‌లోని నైట్రోజన్ నాలుగు కార్బన్లతో బంధంలో ఉండాలి, ఇచ్చిన నీలం బంతులకు మూడే రంధ్రాలు. ఒక నల్ల బంతికి నీలం కాగితం అంటించి పని గడుపుకోవలసి వచ్చింది. ఫాస్ఫరస్ బంతికి ఐదు రంధ్రాలున్నా అవి ఫాస్ఫేట్ ఆకారానికి తగ్గట్టు లేవు, నాలుగు ఆక్సిజన్లు నాలుగు మూలలకు చూడవలసింది పోయి అడ్డదిడ్డంగా పోతాయి. ఫాస్ఫేట్ మీద ఋణావేశం, కోలిన్ మీద ధనావేశం ఉన్నాయని చూపించే గుర్తులూ లేవు. ఇంత జరిగినా కట్టాక వచ్చే రూపం చూడదగినదే. తల ఒకవైపు, వంపు లేని రెండు తోకలు మరొకవైపు. ఆ తిన్నని తోకలు దగ్గరదగ్గరగా సర్దుకోగలవు కాబట్టే వాయుగోణుల (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచుల) లోపలి నీటి పొర మీద ఈ అణువులు ఒత్తుగా పరచుకుని తలతన్యతను తగ్గిస్తాయి, శ్వాస వదిలినప్పుడు గోణులు ముడుచుకుపోకుండా కాపాడతాయి. నెలలు నిండని శిశువుల శ్వాస ఇబ్బందికి ఈ పదార్థపు కొరతే కారణమని మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ 1959లో చూపించారు.

కొలెస్ట్రాల్ కట్టడానికి 27 కార్బన్లు, 46 హైడ్రోజన్లు, ఒకే ఒక ఆక్సిజన్ కావాలి. ఆ 27 కార్బన్లూ ఇందాక తెంపిన రెండు కార్బన్ల ముక్కల నుంచే వస్తాయి, ఆ మార్గాన్ని వెలికితీసినందుకు కాన్రాడ్ బ్లాక్, ఫియోడర్ లినెన్‌లకు 1964లో నోబెల్ బహుమతి దక్కింది. నాలుగు వలయాలు కలిసిన పలక చేతిలో పట్టుకుంటే గట్టిగా ఉంటుంది, కొవ్వు ఆమ్లపు గొలుసులా వేలాడదు. ఆ గట్టిదనమే దీని ఉపయోగం. కణత్వచంలో, అంటే కణం చుట్టూ ఉండే లిపిడ్ల పొరలో, తోకల నడుమ దూరి, వేడిలో పొర మరీ పలచబడకుండా, చలిలో బిగుసుకుపోకుండా చూస్తుంది. సూచనల పుస్తకం ఈ అణువును ‘హానికరమైన కొవ్వు’ అనడం నాకు ఏమాత్రం నచ్చలేదు. ఇది నిర్మాణం రీత్యా కొవ్వే కాదు, గ్లిసరాల్ లేదు, కొవ్వు ఆమ్లం లేదు, ఒక ఆల్కహాల్ సమూహమున్న స్టెరాల్ మాత్రమే. మంచి కొలెస్ట్రాల్, చెడు కొలెస్ట్రాల్ అని రెండు అణువులు కట్టి చూపించమని ఎవరైనా అడిగితే కట్టలేరు, ఎందుకంటే అణువు ఒక్కటే, తేడా అంతా దాన్ని రక్తంలో మోసే లైపోప్రోటీన్ కణికల్లోనే ఉంది. ఈ పెట్టె ప్రమాణంలో ‘చెడు’ అనిపించుకునే ఒక ఎల్‌డీఎల్ కణికను చేయాలంటే నాలుగు మీటర్లకు పైగా అడ్డుకొలత ఉన్న గోళం కావాలి.

ఇదే పలకకు చిన్న మార్పులు చేస్తూ పోతే కార్టిసాల్, టెస్టోస్టిరాన్, ఈస్ట్రడయాల్ వంటి హార్మోన్లు వస్తాయి, కాలేయం చేసే పైత్యరస ఆమ్లాలూ వస్తాయి. నాకు బాగా నచ్చింది మాత్రం విటమిన్ డి. చర్మంలో ఉండే, కొలెస్ట్రాల్‌కు దగ్గరి బంధువైన 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ కట్టి, రెండవ వలయంలో తొమ్మిది, పది కార్బన్ల మధ్య పుల్లను లాగేయాలి. చర్మం మీద పడే అతినీలలోహిత కిరణం చేసే పని అదే. తరువాత ఒక హైడ్రోజన్ చోటు మారుతుంది, ద్విబంధాలు సర్దుకుంటాయి, ఒక్క బంతి కూడా చేరదు, ఒక్కటి కూడా పోదు. రెండు అణువుల ఫార్ములా ఒకటే అయినా పలక విచ్చుకుని వేరే వస్తువు అవుతుంది.

ఇక గుంపు సంగతి. గోర్టర్, గ్రెండెల్ 1925లో ఎర్ర రక్త కణాల నుంచి లిపిడ్లను తీసి నీటి మీద పరచి, కణాల ఉపరితలానికి రెట్టింపు వైశాల్యం వచ్చిందని చూసి, పొర రెండు వరుసలుగా ఉందని ఊహించారు. ఆ రెండు వరుసలు నిలబడేది నీటి వల్ల. తోకలు ఒకదాన్నొకటి ఆకర్షించుకోవడం కంటే, నీరు తనలో తాను కలిసి ఉండి తోకలను వెలివేయడమే బలమైన కారణం. బల్ల మీద నీరు లేదు, కాబట్టి ఈ నమూనాలు ఎప్పటికీ తమంతట తాము వరుస కట్టవు. పెట్టె ప్రమాణంలో కణత్వచం మందం దాదాపు ఒక మీటరు, ఎర్ర రక్త కణం అడ్డుకొలత ఒకటిన్నర కిలోమీటరు. ఆ పొరలో ప్రతి అణువూ క్షణం ఆగకుండా పక్కకు జరుగుతూ ఉంటుందని నోటితో చెప్పవలసిందే. పైగా బంతుల నడుమ కనిపించే ఖాళీలు నిజమైన అణువులో ఉండవు, పొరలో గాలి ఆడుతోందని విద్యార్థి అనుకునే ప్రమాదం ఉంది.

కొనదలచినవారికి నా సలహా ఇది. కొవ్వు ఆమ్లాలు, కొలెస్ట్రాల్ వరకే పాఠమైతే ఒక పెట్టె సరిపోతుంది, నిశ్చింతగా కొనవచ్చు. ట్రైగ్లిజరైడ్, ఫాస్ఫోలిపిడ్ కూడా కావాలంటే రెండు పెట్టెలు తీసుకోవాలి, నాలుగు రంధ్రాల నైట్రోజన్, ఫాస్ఫరస్ బంతులు విడిగా దొరుకుతాయేమో ముందే అడగాలి. కణత్వచం బోధించడమే ముఖ్య ఉద్దేశమైతే దీని జోలికి పోకుండా కదిలే చిత్రాలను ఆశ్రయించడం మేలు. సూచనల పుస్తకాన్ని విద్యార్థుల చేతికి ఇవ్వకపోతేనే మంచిది. వంగే పుల్లలు పదేపదే తీసి పెడుతుంటే మొదలు దగ్గర తెల్లబడి పట్టు సడలుతున్నాయి, వాటిని లాగడానికి ఇచ్చిన ప్లాస్టిక్ పనిముట్టు కూడా బలహీనంగా ఉంది, మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న పట్టకారు వాడితే బంతుల రంధ్రాలు పాడవకుండా ఉంటాయి.